సింహం నోటి నీళ్ళు

611వ పూట. నిమిషానికి నలభై రెండు చుక్కలు. నీళ్ళు తేట.

ఈ పుస్తకంలో ప్రతి పేజీ చివర "ఇతర విషయాలు" అని ఒక గడి ఉంది. నాకంటే ముందు ఈ ఊట గదిలో పనిచేసిన అంకమ్మ ఇరవై ఏళ్ళు ఆ గడిలో "ఏమీ లేవు" అనే రాసింది. నేనూ ఆరు వందల పూటలు అదే రాశాను. నా పెద్ద కూతురు పోయిన రోజు కూడా చేతి అలవాటు కొద్దీ అదే రాశాను. ఇవాళ ఉన్నాయి. గడి చాలకపోతే వెనక పేజీలో రాస్తాను. నేను నాలుగో తరగతి వరకే చదివాను, తప్పులుంటే నవ్వొద్దు.

మధ్యాహ్నం భోజనాల చావడిలో చీటీలు తీశారు. అక్కడి వెలిగే గోడ మీద ఫోటోల్లో అందరం చూసి మురిసిపోయే సింహాల మెట్లను ఈసారి మామూలు మనుషులకు కూడా చూపిస్తారట. ఇన్నాళ్ళూ ఈ సొరంగం దాటి బయటి ఎండల్లోకి వెళ్ళేది నడకవాళ్ళే. తడి చొక్కాలు, మూతికి ముసుగులు వేసుకుని పొద్దు వాలాక బయల్దేరతారు, పొద్దెక్కేలోపు ఏదో ఒక రాతి కప్పు కిందికి చేరతారు. ఇప్పుడు పన్నెండు మంది మామూలువాళ్ళను తీసుకెళ్ళి, రెండు పగళ్ళు ఆ మెట్ల మండపం నీడలోనే ఉంచి తీసుకొస్తారు. పన్నెండో చీటీ విప్పి, గోడ చూసుకునే తవిటయ్య గట్టిగా చదివాడు.

"పార్వతాలు! ఊట గది గున్నమ్మ కూతురు!"

గంజి నా చీర మీద ఒలికింది. నా చిన్న కూతురు బల్ల ఎక్కి గెంతింది. అందరూ చప్పట్లు కొట్టారు.

నా పెద్దది రత్నం నడకమనిషి. తొమ్మిది నెలల కింద ఆ సింహాల మెట్ల దగ్గరే పోయింది. పాచి మీద కాలు జారింది అన్నారు. ఆ తరవాత నడకవాళ్ళు మళ్ళీ అటు వెళ్ళలేదు.

ఇంకా తొమ్మిది రోజులుంది.

612వ పూట. నలభై రెండు. తేట.

పొద్దున తొట్లు తోమాను. మూడో తొట్టిలో నాచు పట్టింది, గీకాను.

తరవాత తవిటయ్య వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. ఈ వారం పిలుపు "నీడలు" అని చెప్పి పోవడానికి.

పిలుపు అంటే వారానికో మాట. ఆ మాటకు సరిపోయే ఫోటో ప్రతి ఇంటి నుంచీ ఒకటి గోడకు ఇవ్వాలి. విమానాల కాలంలో తాతలు ఊళ్ళు తిరిగి తీసినవి కొందరు ఇస్తారు. కోటలు, సముద్రాలు, ఏ దేశానివో బొమ్మలు గీసిన గోడలు. మా ఇంట్లో తాతలెవరూ ఎక్కడికీ తిరగలేదు. మాకున్నవి రత్నం తీసినవే. అది ఫోటోలు తీసే పలకను నలభై రెండు ఫోటోలతో నా చేతిలో పెట్టారు. అవి ఇంకెవరూ చూడలేదు. నడకవాళ్ళ ఫోటోలు ఇంటివాళ్ళ ద్వారానే గోడకు వెళ్ళాలి, అది పద్ధతి.

"తలుపులు" అన్న వారం పడిపోయిన కోట తలుపు ఇచ్చాను. "రాతిపూలు" అన్నప్పుడు తామరపూల స్తంభం. "మెట్లు" అన్నప్పుడు, "నోళ్ళు" అన్నప్పుడు, "చల్లదనం" అన్నప్పుడు సింహాల మెట్లవి ఇచ్చాను. ఆ కొండ రాతిలో సింహం తల చెక్కి ఉంటుంది. దాని నోట్లోంచి ఊట సన్నగా మెట్ల మీద పడుతుంది. ఆ ఫోటోలు చూసే జనం ఆ చోటంటే పిచ్చెక్కిపోయారు. యాత్ర పుట్టిందే నా కూతురి ఫోటోల నుంచి.

గోడకు ఇచ్చిన ఫోటో మన పలకలో ఉండదు. సొరంగంలో చోటు తక్కువ, ఒకే ఫోటో రెండు చోట్ల ఉంచరు. ఆ వారమంతా గోడ మీద ఉండి కొట్లోకి పోతుంది. కొట్టు ఊరికే తెరవరు, కరెంటు చాలా తింటుంది. అలా నలభై ఒకటి ఇచ్చేశాను. ఒక్కటి మిగిలింది.

"గున్నప్పా, నీడలంటే రత్నం తీసుంటాదిలే. సూడు," అన్నాడు తవిటయ్య. నన్ను అక్క వరస పెట్టి అప్పా అంటాడు.

"నేదు," అన్నాను.

"ఒక్కటీ నేదా?"

"నేదన్నాను కదేటి. అయిపోనాయి."

అబద్ధమాడాను. ఉన్న ఒక్కటీ నీడదే.

614వ పూట. నలభై మూడు. తేట.

పార్వతాలు తడి చొక్కా తెచ్చుకుంది. ఇంట్లోనే వేసుకుని అటూ ఇటూ తిరిగింది. ఒంటి మీద నీళ్ళు కారుతున్నాయి.

"ఎల్లొద్దే," అన్నాను.

"ఎందుకెల్లొద్దు?"

"నాకు బయిం."

"అక్క ఎన్నిసార్లెల్లింది? ఒక్కసారైనా ఎల్లొద్దన్నావా? అక్క ఫోటోలు తెస్తాదని గుమ్మంలో కూసునేదానివి."

"అది నడకమనిషి."

"నానేటి మరి? వంటింట్లో పుట్టగొడుగులు తరుక్కునేదాన్ని. అంతే కదా?" అని నా నడుముకు కట్టుకున్న పలక వైపు చెయ్యి చూపించింది. "అందులో నా ఫోటో ఒక్కటుందేటమ్మా?"

లేదు. రత్నం తీసేది, పార్వతాలు తలుపు దగ్గర దానికి నీళ్ళ సీసా అందించి ఆగిపోయేది. ఎవరూ దాన్ని తియ్యలేదు.

"అక్క ఎక్కడ నిలబడిందో అక్కడ ఒక్కసారి నిలబడి వొస్తాను. అంతే," అంది. తడి చొక్కాతోనే పడుకుంది. పక్కంతా తడిసింది. నేను తిట్టలేదు.

615వ పూట. చుక్కలు లెక్కపెట్టలేదు. నీళ్ళు తేట. లెక్క తప్పినందుకు క్షమించాలి.

పొద్దున పని ముట్టుకోకుండా ఆ చివరి ఫోటో తెరిచాను. అక్క నిలబడిన చోటు, అంది కదా పార్వతాలు. ఆ చోటు నేనూ చూద్దామనుకున్నాను.

ఆ ఫోటో ఎలా ఉంటుందంటే, కింద మెట్ల మీద రత్నం నీడ పొడుగ్గా పడి ఉంటుంది. జడ కూడా తెలుస్తుంది. ఒక చెయ్యి పలక పట్టుకుని ఉంటుంది, రెండో చెయ్యి చాచి, వేళ్ళు విప్పి ఎత్తి ఉంటుంది. అమ్మా వస్తున్నా అని నాకు చెయ్యి ఊపినట్టు. తొమ్మిది నెలలుగా నేను ఆ చెయ్యే చూశాను. పలక పట్టుకుంటే నా బొటనవేలు సరిగ్గా పై సగం మీద పడుతుంది. తియ్యాలని ఎప్పుడూ అనిపించలేదు.

ఇవాళ తీశాను.

పైన సింహం ఉంది. దాని నోట్లోంచి నీళ్ళు పడుతున్నాయి. ఆ నీళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఇటుక కడిగిన నీళ్ళలా.

ఈ గది తలుపు మీద రేకు బోర్డు ఉంది. నాకు ఈ పని ఇచ్చిన రోజు అంకమ్మ వేలు పెట్టి చదివించింది. చుక్కలు పెరిగినా తగ్గినా పుస్తకంలో రాస్తే చాలు. నీటి రంగు మారితే మాత్రం పుస్తకం, చెంబు అన్నీ అక్కడే పడేసి, గంట కొట్టి, గది ఖాళీ చేసి పరుగెత్తాలి. లోపల రాయి కదిలి మట్టి నలుగుతున్నప్పుడే ఊట రంగు మారుతుంది. అంకమ్మ చిన్నప్పుడు ఒకసారి అలా అయిందట. గంట కొట్టిన గంట లోపల రెండో ఊట గది కూలింది.

రోజూ నీటి రంగు చూసి రాయడమే నా పని. తొమ్మిది నెలలు ఆ రంగు నా బొటనవేలి కిందే ఉంది.

616వ పూట. నలభై మూడు. తేట.

పరుగున గవరయ్య దగ్గరికి వెళ్ళాను. నడకవాళ్ళ పెద్ద అతనే. రత్నం పోయిన రోజు అతని జట్టులోనే ఉంది. అతను నన్ను చూస్తే తల దించుకుంటాడు. ఇవాళ నీళ్ళ డబ్బాలు తాళ్ళకు కట్టుకుంటున్నాడు, యాత్ర దారిలో ముందుగా పెట్టి రావడానికి. చుట్టూ పదిమంది ఉన్నారు.

"గవరయ్యా, సింహం నోట్లో నీల్లు ఎర్రగున్నాయి. ఆ కొండ కదులుతున్నాది."

"ఎవులు సెప్పినారు పిన్నీ?"

"రత్నం ఆకరి ఫోటోలో ఉంది. సూపిస్తాను."

అతను పలక వైపు చూడలేదు. రత్నం ఆఖరి ఫోటో అనగానే మొహం పక్కకు తిప్పుకున్నాడు. "మేం ఎల్లేది పొద్దు వాలే ఏల. ఆ ఎండకి అక్కడ రాయి ఎరుపే, నీల్లూ ఎరుపే, నా మొకమూ ఎరుపే. పో పిన్నీ, ఇంటికెల్లి పడుకో."

"ఒక్కసారి సూడరా నాయినా."

"నావల్ల కాదు పిన్నీ." అని డబ్బాలెత్తుకుని వెళ్ళిపోయాడు.

పక్కన చొక్కాలు తడుపుతున్న సన్నెమ్మ, ఆవిడా పన్నెండు మందిలో ఉంది, నవ్వుతూ అంది. "గున్నమ్మా, ఊట గదిలో కూకుని కొండలు కదిలించీయకు తల్లీ. నా జన్మలో ఒక్క సీటీ తగిలింది."

ఆవిడ మంచిదే. నాకే కోపం వచ్చింది. అయినా గవరయ్య మాటలో ఎంతో కొంత నిజం ఉంది. ఎండ వెలుగా, మట్టి రంగా? ఒక్క ఫోటో చూసి ఎవరు చెప్పగలరు? ముందటి మూడూ పక్కన పెట్టి చూడాలి. అవి కూడా పొద్దు వాలేటప్పుడు తీసినవే. కానీ అవి కొట్లో ఉన్నాయి. ఒకటి మెట్లలో, ఒకటి నోళ్ళలో, ఒకటి చల్లదనంలో. నాలుగూ ఒక్క చోట ఎవరూ ఎప్పుడూ చూడలేదు. గోడకు మాటలే తెలుసు, ఏది ముందు ఏది వెనక అని అడిగేవాళ్ళు లేరు.

617వ పూట. నలభై నాలుగు. తేట.

తవిటయ్య కాళ్ళ దగ్గర కూర్చున్నాను. అతను కంగారుపడి తనూ నేల మీద కూర్చున్నాడు.

"కొట్టు తెరవాలంటే వీడుకోలు పిలుపుకే అప్పా. బయటికెల్లే జట్టులో అందరికన్నా సిన్నోల్లు ఒక మాట అడుగుతారు. ఆ మాటకి తగ్గ ఫోటోలు కొట్లోవీ, ఇప్పుడు గోడ మీదున్నవీ అన్నీ వొస్తాయి. ఈసారి పిలుపు ఎవులిదనుకున్నావ్?"

"ఎవులిది?"

"నీ పార్వతాలిదే. పూలు అడుగుతానని నిన్ననే సెప్పింది."

"నాకాడున్న ఫోటో కూడా కనపడాల."

"అయితే ముందు గోడకియ్యాల. పలకలోనే ఉంటే రాదు." మెల్లిగా అడిగాడు. "అయిపోనాయన్నావు కదా, గున్నప్పా?"

నేను తల దించుకున్నాను. అతను నా గిన్నెలో తన గంజి సగం పోశాడు.

618వ పూట. నలభై నాలుగు. తేట.

ఇచ్చేశాను.

ఇచ్చే ముందు పొద్దుటి నుంచీ ఆ నీడ చూశాను. జడ చూశాను. ఆ చేతి వేళ్ళు లెక్కపెట్టాను. పలక అడిగింది, పంపనా అని. పంపు అని నొక్కాను. పలక నల్లబడింది. అందులో నా మొహం కనిపించింది.

మధ్యాహ్నం గోడ మీద అరవై నీడల మధ్య అది అరచేతంత ఉంది. "ఎంత సక్కటి నీడే, అచ్చం రత్నమే," అని ఆడవాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు. వారం పిలుపు నీడలు కాబట్టి అందరూ నీడే చూశారు. నీళ్ళు ఎవరూ చూడలేదు. గవరయ్య నీళ్ళ డబ్బాలతో బయట దారిలో ఉన్నాడు.

సాయంత్రం పార్వతాలుతో చెప్పాను. అంతా చెప్పాను. ఎర్ర నీళ్ళు, రేకు బోర్డు, మూడు ఫోటోలు, నేను దాచుకోవడం.

"పూలు వొద్దే. సింహం నోరు అని అడుగు. సూసినాక కూడా ఎల్తానంటే ఎల్లు, అడ్డం పడను."

అది అంతా విని అడిగింది. "తొమ్మిది నెలలు ఉంచుకున్నదాన్ని ఇచ్చీసినావా?"

"ఇచ్చీసినాను."

"నేను ఎల్లకుండా ఉంటానికా?"

"అవును."

పక్కకు తిరిగి పడుకుంది. అడుగుతాననలేదు, అడగననలేదు.

619వ పూట. నలభై ఐదు. తేట.

పార్వతాలు వంటింట్లో పుట్టగొడుగులు తరుగుతూ వేలు కోసుకుంది. నేను గుడ్డ కట్టబోతే తనే కట్టుకుంది. గవరయ్య దారి నుంచి తిరిగొచ్చాడు. మండపం దాకా పోలేదట, ముందున్న గట్టు దగ్గరే డబ్బాలు పెట్టి వచ్చాడట.

రేపే.

620వ పూట. చుక్కలు, నీళ్ళు సాయంత్రం చూశాను. నలభై ఐదు. తేట.

చావడి నిండిపోయింది. పన్నెండు మందీ తడి చొక్కాల్లో ముందు వరసలో నిలబడ్డారు. కింద నీళ్ళు మడుగు కట్టాయి. గవరయ్య నడకవాళ్ళతో తలుపు దగ్గర ఉన్నాడు.

తవిటయ్య గొంతు సవరించుకున్నాడు. "వీడుకోలు పిలుపు. పార్వతాలూ, సెప్పమ్మా."

పార్వతాలు నా వైపు చూడలేదు. నేలకేసి చూసింది. చావడిలో ఎవరో దగ్గారు.

"పూ..." అని ఆగింది.

"సింహం నోరు," అంది.

జనం గుసగుసలాడారు. గోడ వెలిగింది. మొదట ఏదో ఊరి కోట గుమ్మం మీది సింహాలు వచ్చాయి. తరవాత సన్నెమ్మ తాతయ్య ఒక రాతి సింహం పక్కన నిలబడి దానిలాగే నోరు తెరిచిన ఫోటో వచ్చింది. అందరూ పకపకా నవ్వారు. సన్నెమ్మ కూడా నవ్వింది. ఆ నవ్వులోనే కింది వరసలో రత్నం తీసినవి నాలుగు పక్కపక్కనే వచ్చాయి, అడుగున తేదీలతో.

"మూడోది అటు జరుపు తవిటయ్యా," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "తేదీల పెకారం పెట్టు. పెద్దవి సెయ్యి."

పెట్టాడు. నవ్వు ఆగిపోయింది.

మొదటి దాంట్లో నీళ్ళు అద్దంలా ఉన్నాయి. సింహం మెడ వెనక వెంట్రుకంత గీత. రెండో దాంట్లో నీళ్ళు తేటే, గీత వేలంత. మూడో దాంట్లో నీళ్ళు బియ్యం కడుగులా తెల్లబడ్డాయి, సందులో చెయ్యి పడుతుంది. నాలుగో దాంట్లో నీళ్ళు ఎరుపు. సింహం తల కొండను వదిలి ముందుకు ఒరిగి ఉంది. నాలుగింటి మీదా అదే పొద్దు వాలిన ఎండ. రాయి నాలుగింట్లోనూ ఒకే రంగు. నీళ్ళే మారాయి.

గవరయ్య జనాన్ని తోసుకుంటూ గోడ దగ్గరికి వచ్చాడు. అతను సింహాన్ని చూడలేదు. కింద ఉన్న నీడను చూశాడు. ఆ ఎత్తిన చేతిని చూశాడు. తన చెయ్యి అలాగే చాచి, వేళ్ళు విప్పి, దాని పక్కన పెట్టాడు.

"పిన్నీ," అన్నాడు. "ఇది సూసినావా?"

"సూసినాను. నాకు సెయ్యి ఊపినాది."

"కాదు పిన్నీ. ముసుగుల్లో మాటాడలేం కదా, సైగలే మాకు. ఇది ఆగమని. రావొద్దు, ఆగిపోండి అని." అతను చెయ్యి దించాడు. "ఎనకాల ఏడుగురం వొస్తన్నాం. నాను ఎనక్కి తిరిగి తాడు సుట్టుకుంటన్నాను. సప్పుడైతే తిరిగినాను. మెట్టు రాయి ఊడిపోయి ఉంది, రత్నం కింద పడుంది. పాచి సూసి, జారిపోయిందని సెప్పీసినాను. అందరికీ అదే సెప్పీసినాను."

అక్కడే నేల మీద కూలబడి ఏడ్చాడు. ఆ ఫోటో నా కోసం తియ్యలేదు నా కూతురు. వెనక వచ్చేవాళ్ళకు చూపించడానికి తీసింది. ఒక చేత్తో తీసింది, ఒక చేత్తో ఆపింది. దాన్ని తొమ్మిది నెలలు నడుముకు కట్టుకుని తిరిగినదాన్ని నేను.

సన్నెమ్మ అందరికన్నా ముందు తడి చొక్కా విప్పి బల్ల మీద పెట్టింది. ఒకరి తరవాత ఒకరు విప్పారు. చివరికి పార్వతాలు విప్పింది. నా పక్కకు వచ్చి నిలబడింది. దాని చెయ్యి చల్లగా ఉంది.

626వ పూట. నలభై ఐదు. తేట.

మూడు రోజుల కింద అన్నం తింటుంటే నేల ఒకసారి అదిరింది. గిన్నెలు మోగాయి. మా ఊట గదిలో రంగు మారలేదు, మూడుసార్లు చూశాను. గవరయ్య ఇద్దరితో ఎదుటి గట్టు దాకా వెళ్ళి దూరం నుంచి చూసి వచ్చాడు. మండపం లేదట. మెట్లు లేవు. కొండ ఆ వైపంతా ఎర్రగా కిందికి దిగిపోయి ఉందట.

యాత్ర వెళ్ళి ఉంటే ఆ రెండు పగళ్ళూ దాని కిందే ఉండేవాళ్ళు. నేల అదిరిన పగలు అందులో ఒకటి. నేను లెక్క వేసి ఆపేశాను.

తవిటయ్య వచ్చి, రత్నం ఫోటో కావాలంటే పద్ధతి పక్కనపెట్టి తిరిగి నా పలకలో పెట్టిస్తానన్నాడు. వద్దన్నాను. అది గోడ మీదే ఉండాలి. ఇక మీద బయటికి వెళ్ళే ప్రతి జట్టూ దాన్ని చూశాకే తలుపు దాటుతుందని గవరయ్య చెప్పాడు. అది అందుకే ఎత్తిన చెయ్యి.

పలక ఖాళీగా ఉంది. సాయంత్రం పార్వతాలు గంజి తెచ్చింది. "అక్కడ తొట్టి పక్కన నిలబడు, ఒక్క ఫోటో తీస్తాను," అన్నాను.

"ఇప్పుడా? ఈ మొకంతోనా? ఉండు, తల దువ్వుకోనీ," అని పరుగెత్తింది.

చుక్కలు మళ్ళీ లెక్కపెట్టాను. నలభై ఐదే.

ఇతర విషయాలు: పార్వతాలు ఇంట్లోనే ఉంది.